మాత్ర లేకుండా మూడు నెలల్లో కొలెస్ట్రాల్ దిగుతుందా? మీ రిపోర్టు మీద నా లెక్క

ముందు మీరు రాసింది ఒకసారి చెప్పుకుందాం. ఏలూరు, 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 244, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 285, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 151. షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ లేదు, శనివారం రెండు పెగ్గులు మాత్రం ఉన్నాయి. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే ఆ చీటీ పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారు. గుడ్డు మానేశారు, నెయ్యి మానేశారు, పరగడుపున వెల్లుల్లి రెబ్బలు, తేనె నిమ్మకాయ నీళ్లు మొదలుపెట్టారు, నూనె గానుగది తెచ్చుకుంటున్నారు. మూడు నెలల్లో సహజంగా దించుకోవచ్చా అని ప్రశ్న. ఇదంతా అయ్యాక చివర్లో, మర్చిపోయినట్టు, నాన్నగారికి 54వ ఏట స్టెంట్ వేశారని ఒక్క ముక్క రాశారు. అసలు ఆ ముక్కతోనే మొదలుపెట్టాల్సింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను డైటీషియన్‌ని. ఓపీలో కూర్చుని ఇలాంటి రిపోర్టులు చూడబట్టి ఇరవై రెండేళ్లు దాటింది. సూటిగా చెప్పాలంటే, ట్రైగ్లిజరైడ్లు దాదాపు మొత్తం మీ చేతిలో ఉన్నాయి, ఎల్‌డీఎల్ కొంతవరకే మీ చేతిలో ఉంది, మీరు మానేసిన వాటితో మాత్రం రెండూ పెద్దగా కదలవు. దొంగని వదిలేసి పక్కింటాయన్ని పట్టుకున్నట్టుంది.

మీ రిపోర్టు అచ్చం మనవాళ్ల రిపోర్టు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, ఎల్‌డీఎల్ చూడ్డానికి మరీ ఘోరంగా ఏమీ ఉండదు, పొట్ట మాత్రం బెల్టు మీదకి వచ్చి ఉంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి 81 మందికి ఈ కొవ్వుల అంకెల్లో ఏదో ఒకటి తేడాగానే ఉంది, అందులోనూ ఎక్కువమందికి ఉన్న లోపం హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం. కాబట్టి మీరొక్కరే కాదు, కంగారు పడకండి, అలాగని అందరికీ ఉందిగా అని వదిలేయకండి.

ఈ ట్రైగ్లిజరైడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నెయ్యి నుంచి అనుకుంటున్నారు కదా, ఎక్కువ భాగం అన్నం, పంచదార నుంచే. మీరు ఏలూరు వాళ్లు కాబట్టి రైసు మిల్లుతో పోల్చి చెప్తాను. కాలేయం ఒక మిల్లు అనుకోండి. మీరు తిన్న అన్నం, ఇడ్లీ, పంచదార ఒంటికి కావాల్సినదానికంటే ఎక్కువైతే ఆ మిగిలినదాన్ని అది కొవ్వుగా మార్చి, బస్తాలకెత్తి, వీఎల్‌డీఎల్ అనే లారీల్లోకి ఎక్కించి రక్తంలోకి పంపుతుంది. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు అంటే చాలావరకు ఆ బస్తాలే. రోడ్డు మీద లారీలు పెరిగేకొద్దీ హెచ్‌డీఎల్ తరుగుతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, చిక్కబడి, రక్తనాళాల గోడల్లోకి ఇంకా సులువుగా దూరతాయి. అందుకే 151 అన్న అంకెని మీది చూసి ఒకలా, ట్రైగ్లిజరైడ్లు 90 ఉన్నవాడిది చూసి ఇంకోలా చదువుతాం.

మీరు రాసిన రోజువారీ తిండి తీసుకుని నేనే లెక్క కట్టాను. పొద్దున ఆరు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బ్యాంకు బయట మైసూరు బజ్జీ, రాత్రి మళ్లీ అన్నం. కాఫీలు నాలుగు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచా 5 గ్రాములు వేసుకున్నా రోజుకి 40 గ్రాములు, నెలకి కిలో రెండు వందల గ్రాములు. రోజంతా కలిపి 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే మీకు కాఫీలోనే అది దాటిపోయింది. పైన పరగడుపున తేనె. తేనె మీ కాలేయానికి పంచదారే, పువ్వుల నుంచి వచ్చిందని అదేం మొహమాటపడదు.

అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు వినరు, వారం విని ఎనిమిదో రోజు కసిగా తింటారు. మన భోజనంలో అసలు చిక్కు అన్నంతో కాదు, వడ్డనతో వస్తుంది. పప్పుకి ఒకసారి అన్నం, కూరకి ఒకసారి, పులుసుకో చారుకో ఒకసారి, పెరుగుకి ఒకసారి. ప్రతి ఆధరువుకీ విడిగా అన్నం పెట్టుకునే అలవాటు మనది, అందుకే కొంచెమే తిన్నామనిపిస్తుంది గానీ నాలుగుసార్లు పెట్టించుకుని ఉంటాం. ఓపీలో నేను మొదట మార్పించేది ఇదే. అన్నం అంతా ఒకేసారి, ఒక మామూలు కప్పుడు, కంచంలో పెట్టేసుకోండి, గిన్నె వంటింట్లోనే ఉంచమనండి. కూర అన్నంలో నంజుకోవడానికన్నట్టు కాకుండా అన్నానికి సమానంగా పెట్టుకోండి. పప్పు రెండు గరిటెలు, అదీ గట్టి పప్పు. చివర పెరుగు అన్నం బదులు గ్లాసు మజ్జిగ. మొదటి పది రోజులు భోజనం అయినట్టే అనిపించదు, అది నిజం, తర్వాత అలవాటవుతుంది. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు తింటానంటే బ్రహ్మాండం. జొన్న మంచిది కదా అని ఐదు లాగిస్తే మాత్రం అన్నం మానిన లాభం అక్కడే పోయింది. కొర్రలు, సామలు, రాగి సంగటి, వీటన్నిటికీ ఇదే మాట.

ఇక శనివారం పెగ్గులు. ట్రైగ్లిజరైడ్లు 285 ఉన్న మనిషికి మద్యం అంటే నిప్పులో నూనె. కాస్త తాగితే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందట కదండీ అని నన్ను కనీసం వందమంది అడిగి ఉంటారు. దానికోసం తాగమని ఏ డాక్టరూ రాయడు. ఈ మూడు నెలలు పూర్తిగా ఆపి చూడండి. పక్కన పెట్టిన పల్లీలు తప్ప ఆ బల్ల మీద మీకు పనికొచ్చేది ఏదీ లేదు.

ఇప్పుడు ఎల్‌డీఎల్. దీని కథ వేరే. ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు కాలేయమే తయారు చేసుకుంటుంది, తిండిలోంచి వచ్చేది తక్కువ. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని మళ్లీ లోపలికి లాక్కోవడానికి కాలేయం మీద గేట్ల లాంటివి ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ ఇచ్చారు. సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరినూనె, పామాయిల్‌లో ఎక్కువగా ఉండే రకం, ఆ గేట్లను తగ్గిస్తుంది. గేట్లు తగ్గితే ఎల్‌డీఎల్ రోడ్డు మీదే ఉండిపోతుంది. గుడ్డు పచ్చసొనలో కొలెస్ట్రాల్ 185 మిల్లీగ్రాముల దాకా ఉన్నా, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములే. అందుకే రోజుకో ఉడికించిన గుడ్డు చాలామందికి సమస్య కాదు. మీ గుడ్డు మీరు తినండి, టిఫిన్‌లో ఇడ్లీలు మూడుకి దించి ఆ చోట గుడ్డు పెట్టండి.

నెయ్యి మానేశాను అన్నారు, సంతోషం. ఒక చెంచా నెయ్యిలో సంతృప్త కొవ్వు సుమారు 3 గ్రాములు. కానీ ఇంట్లో గేదె పాలు, మీగడ కట్టిన పెరుగు, కాఫీ అంతా చిక్కటి పాలే అని మీరే రాశారు. అర లీటరు చిక్కటి గేదె పాలల్లో కొవ్వు 30 గ్రాములకి పైనే, అందులో సంతృప్త కొవ్వు దాదాపు 20 గ్రాములు. మీబోటి వాళ్లకి రోజు మొత్తానికి 15, 16 గ్రాములు దాటకూడదని చెప్తాం. అంటే ముందు తలుపు గడియ పెట్టి దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టారు. పాలు మానక్కర్లేదు, వెన్న తీసిన పాలకి మారండి, పెరుగు వాటితోనే తోడు పెట్టించండి. మొదట్లో నీళ్ల పెరుగులా ఉందని ఇంట్లో గొడవవుతుంది, మా ఇంట్లోనూ అయింది.

గానుగ నూనె గురించి. గానుగలో ఆడించినా ఫ్యాక్టరీలో తీసినా పల్లీనూనెలో ఉండే కొవ్వుల పాళ్లు మారవు. రుచి బాగుంటుంది, వాసన బాగుంటుంది, వాడుకోండి, నేనూ పప్పునూనె గానుగదే వాడతాను. కానీ గానుగది కదా అని గరిటె పెద్దదవుతుంది, అక్కడే తేడా. మనిషికి రోజుకి 20, 25 గ్రాములు అనుకుంటే నలుగురున్న ఇంటికి నెలకి రెండున్నర నుంచి మూడు లీటర్ల పైచిలుకు సరిపోవాలి. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖర్చవుతున్నాయో ఈ నెల లెక్క రాసుకోండి, ఆవకాయ మీద తేలే నూనె కూడా కలిపి. పల్లీనూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, పొద్దుతిరుగుడు, వీటిలో ఏదైనా ఫర్వాలేదు. కొబ్బరినూనెతో వంట చెయ్యొద్దు, అందులో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే.

ఆ సాయంత్రం బజ్జీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మీ ఊరి పక్కన పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థే ఉంది, చుట్టూ తోటలు, పామాయిల్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నూనెలో దాదాపు సగం సంతృప్త కొవ్వు. బండి మీద బజ్జీ, పునుగు, మిక్స్చర్, బేకరీలో కర్రీ పఫ్, క్రీమ్ బిస్కెట్, చాలావాటిలో ఉండేది అదో, దాన్నుంచి చేసిన గట్టి కొవ్వో. ట్రాన్స్ ఫ్యాట్ (నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే చెడ్డ కొవ్వు) 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన వచ్చింది, మంచిదే, కానీ ట్రాన్స్ తగ్గినంత మాత్రాన పఫ్ పథ్యం కాదు. పైగా మాడిన నూనెలో మైదా పిండి, అంటే ఎల్‌డీఎల్‌కీ ట్రైగ్లిజరైడ్లకీ ఒకే దెబ్బ. మీ లిస్టులో ఒక్కటే తీసేయాలంటే నేను నెయ్యి జోలికి పోకుండా దీన్ని కొట్టేస్తాను. ఆ టైముకి గుప్పెడు వేయించిన శనగలు, పది బాదం గింజలో ఓ గుప్పెడు పల్లీలో పెట్టుకోండి, ఉప్పు లేనివి.

తీసేయడం అయింది, ఇప్పుడు చేర్చాల్సింది. ఎల్‌డీఎల్ మీద బాగా పనిచేసేది నీటిలో జిగురుగా మారే పీచు. అది పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, మళ్లీ పైత్యరసం చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాల్సి వస్తుంది. ఇసబ్గోల్ పొట్టు రోజుకి 7 నుంచి 10 గ్రాములు, ఒక్కసారిగా కాకుండా రెండు భాగాలుగా, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి. నీళ్లు తక్కువైతే మేలు చేయకపోగా అడ్డం పడుతుంది. వేరే మందులేమైనా ఉంటే వాటికీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. ఓట్స్ అయితే 75 గ్రాముల దాకా తినాలి, ఉత్త ఓట్స్, మసాలా ప్యాకెట్లు కాదు. బార్లీ కూడా అదే పని చేస్తుంది. మన కూరగాయల్లో నాకు ఇష్టమైన ఉదాహరణ గోరుచిక్కుడు. దాని గింజల నుంచి తీసే గ్వార్ గమ్‌ని కొలెస్ట్రాల్ తగ్గించే పీచుగా పరీక్షించి చూశారు కూడా, మనం మాత్రం గోరుచిక్కుడు కూర అనగానే మొహం చిట్లిస్తాం. బెండకాయ, వంకాయ, ఉలవలు, అలసందలు, రాజ్మా, జామకాయ తోలుతో సహా, అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మెంతులు మంచివే, ఎంత దించుతాయో ముందే అంకె చెప్పేవాళ్లని నమ్మొద్దు.

వెల్లుల్లి సంగతి కూడా చెప్పేస్తాను, తిట్టుకోకండి. 2007లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఆరు నెలల పాటు పచ్చి వెల్లుల్లి, వెల్లుల్లి మాత్రలు ఇచ్చి చూశారు, ఎల్‌డీఎల్ కదల్లేదు. గుగ్గులు అనే ఆయుర్వేదపు చెట్టు బంక మీద 2003లో అమెరికాలో పరీక్ష జరిగితే ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. వెల్లుల్లి పప్పులో తాలింపుకి వేసుకోండి, పరగడుపున నమిలి కడుపు మండించుకోవద్దు.

ఇక అన్నీ చేస్తే ఎంత వస్తుంది అన్న లెక్క. సంతృప్త కొవ్వు తగ్గిస్తే ఎల్‌డీఎల్‌లో 5 నుంచి 10 శాతం, పీచుకి ఓ 5, 6 శాతం, బాదం, పల్లీల లాంటి గింజలకి ఇంకో మూడో నాలుగో, బరువు తగ్గితే ఇంకొంచెం. వీటిని నేరుగా కూడితే వచ్చినంత మొత్తం రాదు. మొత్తం మీద 15, 20 శాతం వస్తే నేను సంతోషిస్తాను. మీ 151 అప్పుడు 125 దగ్గర ఆగుతుంది. టొరంటోలో జెంకిన్స్ అనే పరిశోధకుడు పీచు, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుకునే పదార్థాలు) అన్నీ కలిపిన ఆహారం మీద 2003లో చూపించింది దాదాపు 29 శాతం తగ్గుదల, పాత స్టాటిన్‌తో ఇంచుమించు సమానం. అక్కడ తిండి వాళ్లే తయారు చేసి ఇచ్చారు. అదే ఆహారం 2011లో జనానికి చెప్పి ఇళ్లకి పంపిస్తే ఆరు నెలల్లో వచ్చింది 13 శాతం చిల్లర. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవే మన పెళ్లిళ్లు, పండగలు, అత్తారింటి భోజనాలు.

ట్రైగ్లిజరైడ్ల సంగతి అలా కాదు. పంచదార, మద్యం ఆపి, అన్నం సగం చేసి, ఐదు కిలోలు తగ్గితే 285 కాస్తా 160, 150కి వచ్చిన వాళ్లని ఏటా చూస్తున్నాను. నడక ఇక్కడే ఎక్కువ పనికొస్తుంది. రోజూ 40 నిమిషాలు, పాట పాడలేనంత వేగంగా, వీలైతే రాత్రి భోజనం తర్వాత ఇంకో పావుగంట. హెచ్‌డీఎల్ మీద ఆశలు పెట్టుకోకండి, అది రెండు మూడు పాయింట్లు పెరిగితే గొప్ప. దాన్ని పెంచే మందులు వాడి చూసినా గుండెపోట్లు తగ్గలేదు.

మూడు నెలల తర్వాత పరీక్షలో ఒక తమాషా జరగొచ్చు, ముందే చెప్తున్నాను. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని కొలవరు, లెక్క కడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. మీది చూడండి, 244లోంచి 36 పోయి, 57 పోయి, 151. రేపు మొత్తం 220కి, ట్రైగ్లిజరైడ్లు 150కి దిగి, హెచ్‌డీఎల్ 38 అయితే ఎల్‌డీఎల్ ఎంత? 220లోంచి 38, 30 తీస్తే 152. ఒళ్లొంచి పనిచేసిన మనిషి ఈ కాగితం చూసి నీరుగారిపోతాడు. అందుకే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ మాత్రం తీసేసి చూడండి, నాన్ హెచ్‌డీఎల్ అంటారు. ఇప్పుడు 208, అప్పుడు 182. మెరుగే, కానీ చాలదు. కార్డియాలజీ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తక్కువ రిస్కు ఉన్నవాళ్లకే ఇది 130లోపు, ఎల్‌డీఎల్ 100లోపు ఉండాలన్నారు.

ఇప్పుడు నాన్నగారి స్టెంట్. తండ్రికి 55లోపు గుండె జబ్బు వచ్చిందంటే మీ రిస్కు మీ వయసున్న మామూలు మనిషి రిస్కు కాదు. కాబట్టి మాత్ర వేసుకోనని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. ఆ చీటీ రాసిన డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, నాన్నగారి విషయం చెప్పి, మూడు నెలలు ఆహారంతో ప్రయత్నించొచ్చా, ఇప్పుడే మొదలుపెట్టాలా అని అడగండి. ఎల్‌పీ ఎ అనే, ఎల్‌డీఎల్ లాంటి ఇంకో కొవ్వు కణాన్ని కొలిచే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకోవాలి, మీలాంటి కుటుంబానికి తప్పనిసరిగా. అది పుట్టుకతో వచ్చేది, ఏ జొన్నరొట్టె దాన్ని దించదు. మీకు కాదు గానీ, ఇది చదివే ఇంకెవరికైనా ఎల్‌డీఎల్ 190 దాటినా, ఇప్పటికే షుగరో స్టెంటో ఉన్నా, ట్రైగ్లిజరైడ్లు 500 దాటినా ఆహారంతో చూద్దాం అని ఆగకండి.

మాత్ర సహజం కాదన్నారు కదా. మొట్టమొదటి స్టాటిన్‌ని జపాన్‌లో అకిరా ఎండో 1970లలో ఒక బూజు నుంచి తీశాడు, ఆ బూజు దొరికింది క్యోటోలో ఒక ధాన్యం కొట్టులోని బియ్యం మీద. మీరు వేసుకునేది ల్యాబులో తయారైందే అనుకోండి, కానీ వంశం అదే.

థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, నా పొరపాటు ఒకటి ఉంది ఇందులో. మా అత్తగారు సన్నగా రివటలా ఉండే మనిషి, ఎల్‌డీఎల్ 170 పైన వచ్చింది. నేనున్నాను కదా అని నాలుగు నెలలు ఆవిడ నోరు కట్టేశాను, ఇసగింజంత కూడా దిగలేదు. చివరికి నీరసంగా ఉందే అంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. థైరాయిడ్ మాత్ర మొదలయ్యాక కొలెస్ట్రాల్ దానంతటదే దిగింది. ఆ నాలుగు నెలల ఆవకాయ లెక్క ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకో చిన్న విషయం, కాఫీలో పంచదార మానినా డికాక్షన్ మిగిలుంటుంది. కాఫీ గింజలో కెఫెస్టాల్ అని ఎల్‌డీఎల్ పెంచే నూనె పదార్థం ఉంటుంది, కాగితం ఫిల్టర్ దాన్ని ఆపినట్టు మన స్టీలు ఫిల్టర్ ఆపదు. నాలుగు కప్పుల్ని రెండు చేయండి చాలు.

రెండోసారి పరీక్షకి అదే ల్యాబుకి వెళ్లండి, 12 గంటలు ఏమీ తినకుండా, జ్వరమో జలుబో తగ్గిన వారంలో కాకుండా. మీ నడుము కొలత రాయలేదు. బొడ్డు దగ్గర టేపు చుట్టి, కడుపు లోపలికి లాగకుండా కొలవండి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. అదీ, టీఎస్‌హెచ్ రిపోర్టూ రాయండి, అన్నం కప్పు సైజు అప్పుడు సరిచేద్దాం.